పిల్లిని పెంచితే జవాబుదారీ మనదే

పిల్లి అంటే మన ఇళ్ళలో పిల్లలకు ప్రాణం. ఇంటికి తెచ్చుకోవడం తేలికే. దాని బాగోగులకు జవాబుదారీ ఎవరన్నదే ప్రశ్న. సింగపూర్ ప్రభుత్వం దీనికి చట్టంతో సమాధానం చెప్పింది.

అక్కడ ఎక్కువమంది నివసించేది ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ ఫ్లాట్లలో. వాటిలో పిల్లులను పెంచరాదని 1989 నుంచి నిషేధం ఉండేది. అయినా ఎంతోమంది చాటుగా పెంచేవారు. 2024 సెప్టెంబరు 1న నిషేధం తొలగింది, షరతులు వచ్చాయి. ఫ్లాటుకు రెండు పిల్లులకే అనుమతి. ప్రతి పిల్లికీ లైసెన్సు తీసుకోవాలి, చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్ వేయించాలి. అందరూ సర్దుకోవడానికి 2026 ఆగస్టు 31 దాకా గడువిచ్చారు. మైక్రోచిప్ నంబరు వల్ల తప్పిపోయిన పిల్లి ఇల్లు చేరుతుంది. వీధిలో వదిలేస్తే, వదిలిందెవరో బయటపడుతుంది. పై అంతస్తు నుంచి పడిపోకుండా కిటికీలకు జాలీ బిగించడం వంటి జాగ్రత్తలూ యజమానివే.

పిల్లిని బంధించి, తిండి పెట్టక, అది వేటాడుకొని తినే వీలూ లేకుండా చేసి చంపిన స్త్రీ నరకం పాలయిందని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. మన ఊళ్ళో లైసెన్సు అడిగే అధికారి ఉన్నా లేకపోయినా, ఆ లెక్క మాత్రం మనం అప్పజెప్పవలసిందే.