రాయే గదా అని పగలగొట్టమాకండి

మా ఊరి చెరువుకట్ట కింద ఒక నిలువు రాయి ఉండేది. ఆరు, ఏడు తరగతులు చదివేటప్పుడు మాకు వికెట్లు అదే. బంతి రాయికి తగిల్తే అవుటు, ఇంక గొడవ లేదు. దాని మీద వంకర టింకరగా ఏవో అక్షరాలు ఉండేయి. మాలో ఒక్కడికీ చదవటం రాదు, చదివిద్దామన్న ఆలోచన కూడా రాలా. ఇంటర్‌కి టౌనుకి పోయి సంక్రాంతి సెలవలకి వచ్చేసరికి రాయి లేదు. ఏమైందిరా అంటే, నాలుగు ముక్కలు చేసి ఎవరింటి పునాదికో తోలుకుపోయారన్నారు. నేనూ "పోతే పోయింది, రాయే గదా" అనుకున్నా.

ఆ మాట ఎంత తప్పో తెలియటానికి నాకు పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో చదివి, తిరిగి తెలుసుకుందే ఇప్పుడు మీకు చెబుతున్నా.

రాయి ఒకటే గానీ, దాన్ని అడిగే ప్రశ్నలు చాలా ఉండాయి. భూగర్భ శాస్త్రం చదివినాయన "నువ్వెట్టా పుట్టావ్?" అంటాడు. పురావస్తు శాస్త్రం ఆయన "నిన్నెవరు చెక్కారు, యాడ దొరికావ్?" అంటాడు. శాసనాలు చదివేటాయన "నీ మీద ఏం రాశారు?" అంటాడు. డాక్టరేమో "నీలోంచి నీళ్లలోకి ఏం దిగింది?" అని అడుగుతాడు. ఈ ప్రశ్నలన్నిటికీ మన గుంటూరు, పల్నాడు, ప్రకాశం రాళ్లే జవాబు చెప్పినాయి. దీనికోసం ఏ ఈజిప్టుకో పోవాల్సిన పని లేదు.

పుట్టుక దగ్గర మొదలుపెడదాం. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ అందరికీ తెలుసు. నల్ల రాయిలో బంగారు రవ్వలు చల్లినట్టుంటది, దేశాలన్నీ కొనుక్కుపోతాయి. వ్యాపారంలో దాని పేరు గ్రానైట్, శాస్త్రంలో మాత్రం అది గ్రానైట్ కాదు. అసలు గ్రానైట్‌లో పలుగు, అంటే క్వార్ట్జ్, బాగా ఉంటది. చీమకుర్తి రాయి గాబ్రో అనే వేరే కుటుంబం. ఆ మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. వంద కోట్ల ఏళ్లకు ముందెప్పుడో భూమి లోతుల్లో కరిగిన రాతి పాకం నిదానంగా చల్లారింది. చక్కెర పాకాన్ని కదపకుండా నిదానంగా ఆరనిస్తే పటికబెల్లం పెద్ద పెద్ద పలుకులు కట్టదా? ఇదీ అంతే. పలుకు సైజు చూసి రాయి ఎంత నిదానంగా చల్లారిందో చెప్పొచ్చు.

పల్నాడు రాయిది ఇంకో కథ. మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకున్నాయి? అక్కడ సున్నపురాయి ఉంది కాబట్టి. సున్నపురాయి ఎందుకుంది? ఇప్పుడు మనం పత్తి, మిరప వేసే ఆ నేల ఒకప్పుడు సముద్రం అడుగు కాబట్టి. నీళ్లలో సున్నం బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడింది. మన ఇళ్లల్లో పరిచిన నాపరాళ్లు ఆ పొరలే. చేపలు, శంఖాలు పుట్టకముందు మాట ఇది, అందుకే ఆ రాళ్లలో గవ్వలు కనపడవు. మార్కాపురం పలక కూడా అట్టా బురద పేరుకుని, బరువుకి నొక్కుకుపోయి పొరలు కట్టిన రాయే. మన తాతలు ఓనమాలు దిద్దింది దాని మీదే.

ఇంక మనిషి చెయ్యి పడిన రాళ్లకొద్దాం. ప్రకాశం జిల్లా రెట్లపల్లె దగ్గర పరిశోధకులు తవ్వి రాతి పనిముట్లు తీశారు. లక్ష ఏళ్లకు పైబడినవని తేల్చారు. మామూలోడికి అవి చేలో ఏరిపారేసే పెంకుల్లాగే ఉంటయ్. చూడటం తెలిసినోళ్లకి మాత్రం దెబ్బ ఎటునుంచి పడింది, పెచ్చు ఎటు లేచింది, ఏ అంచుని పదును చేశారు అన్నీ కనపడతయ్.

మరి వయసెట్టా తెలిసింది? ఇక్కడే అసలు సంగతి ఉంది. చాలాసార్లు వయసు కట్టేది రాయికి కాదు, దాని చుట్టూ ఉన్న మట్టికి. మట్టిలోని పలుగు రేణువులు చీకట్లో ఉన్నంతకాలం ఫోను ఛార్జింగు ఎక్కినట్టు శక్తి దాచుకుంటా ఉంటయ్. ఎండ తగిల్తే ఆ ఛార్జింగ్ మొత్తం దిగిపోయిద్ది. అందుకని ఎండ తగలకుండా మట్టి తీసుకుపోయి, ల్యాబులో దాని మీద వెలుతురు వేసి, ఎంత మెరుపు వచ్చిందో కొలుస్తారు. దాన్నిబట్టి ఆ మట్టి ఎప్పుడు కప్పబడిందో లెక్క కడతారు. అంటే జేసీబీ ఒక్కసారి నేలను తిరగేస్తే రాయి మిగిలిద్ది గానీ దాని వయసు చెప్పే సాక్ష్యం పోయిద్ది. రాయి ఎంత ముఖ్యమో, అది ఉన్న చోటూ అంతే ముఖ్యం.

దీనికి పెద్ద ఉదాహరణ అమరావతి. మహాస్తూపానికి వాడింది పల్నాడు సున్నపురాయే. 1797లో కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేటప్పటికే జనం కట్టుబడికి రాళ్లు తవ్వుకుపోతున్నారు. కొన్నిటిని కాల్చి సున్నం చేసుకున్నారు. చెక్కిన బొమ్మ అయినా సున్నపురాయి సున్నపురాయే గదా, బట్టీలో పెడితే సున్నం అయిద్ది. ఆయన 1816లో మళ్లీ వచ్చేసరికి స్తూపం మధ్యలో చెరువు గుంట ఉంది. అప్పుడు తన మనుషుల చేత మిగిలిన రాళ్ల బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తోలించిన రాళ్లు 1859లో లండన్ చేరినయ్. అక్కడ వాటిని అమరావతి మార్బుల్స్ అన్నారు గానీ అవి పాలరాయి కాదు. ఇవాళ కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నైలో, కొన్ని అమరావతిలో ఉండాయి. స్తూపం ఎట్టా ఉండేదో చెప్పాలంటే పరిశోధకులు ఈ ముక్కలన్నిటినీ కాగితం మీద కలపాలి. మెకంజీ గీయించిన రాళ్లలో కొన్ని ఇప్పుడు యాడా లేవు, బొమ్మలే మిగిలినయ్. రాయి పోయినా ఎవరో ఒకరు గీసి పెట్టబట్టి ఆ మాత్రమన్నా తెలిసింది. మా ఊరి రాయికి ఆ భాగ్యం కూడా లేదు.

ఇంక అక్షరాలు. 1892లో భట్టిప్రోలు స్తూపంలో అలెగ్జాండర్ రీ రాతి పెట్టెలు తీశాడు. వాటి మీద కుబీరకుడనే రాజు పేరుంది. ఆ లిపిలో కొన్ని గుర్తులు మిగతా బ్రాహ్మీ రాతలకి కొంచెం తేడాగా ఉండేసరికి పండితులు ఇప్పటికీ దాని మీద పని చేస్తానే ఉండారు. అమరావతి రాతి ముక్క మీద కనపడిన "నాగబు" అనే మాటని మనకి దొరికిన తొలి తెలుగు మాటల్లో ఒకటని చాలామంది చెబుతారు. అద్దంకి దగ్గర దొరికిన పండరంగడి శాసనం 848 నాటిది. అందులో తరువోజ ఛందస్సులో తెలుగు పద్యం ఉంది. నన్నయ్య కంటే రెండొందల ఏళ్ల ముందే మన నేల మీద పద్యం నడిచిందని చెప్పింది ఏ తాటాకు పుస్తకమో కాదు, ఒక రాయి. ఆ రాయిని కూడా ఎవరో పునాదిలో వేసుంటే ఆ సంగతి మనకి తెలిసేదా?

ఇంతవరకు పాత కథ. ఇప్పుడు మన ఒంట్లోకి వచ్చిన రాయి గురించి చెబుతా. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లా. ఆ జిల్లాలో జనం పళ్లు గారబట్టటం, నడుములు, కాళ్లు బిగుసుకుపోవటం చూసి డాక్టర్లు పరిశోధించి 1937లో ప్రచురించారు. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద వచ్చిన తొలి పెద్ద పరిశోధన అది. కారణం ఏ శాపమో కాదు, కింద ఉన్న రాయి. గ్రానైట్ లాంటి రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటయ్. నీళ్లు రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిస్తే అది కొంచెం కొంచెంగా దిగిద్ది. తాగే నీళ్లలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడిద్ది. మీ బోరు నీళ్లు తాగేవైతే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో ఒకసారి పరీక్ష చేయించండి. క్వారీలో, పలకల పనిలో ఉండేవాళ్లకీ ఒక మాట. పలుగు ఉన్న రాయి కోసేటప్పుడు లేచే సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వచ్చిద్ది, దెబ్బతిన్న ఊపిరితిత్తి మళ్లీ బాగుపడదు. నీళ్లు కొట్టి కోయమని అడగండి, సరైన మాస్కు పెట్టుకోండి.

"రాయి దొరికిందని చెబితే చేను లాక్కుంటారేమో" అని మనోళ్లకి ఒక భయం ఉంది. చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టుబడి కూడదు, ఆపైన 200 మీటర్లకి అనుమతి కావాలి అన్న నిబంధన కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన చోట్లకి. గెనెం మీద అక్షరాల రాయి ఒకటి కనపడినంత మాత్రాన అది మన చేనుకి వర్తించదు. కానీ మట్టిలో దాగిన విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకి చెప్పాలని 1878 నుంచీ చట్టం ఉంది. చెప్పకుండా దాచటమే తప్పు.

మీరు చేయాల్సింది పెద్ద పనేం కాదు. అక్షరాల రాయి కనపడితే కదపమాకండి. సున్నం, పెయింటు పూయమాకండి, ఇనుప బ్రష్‌తో రుద్దమాకండి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తీస్తే అక్షరాలు బాగా తేలతయ్. పక్కన ఒక పెన్ను పెడితే సైజు తెలిసిద్ది. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. తహసీల్దారు ఆఫీసుకో, పురావస్తు శాఖకో పంపండి. మైసూరులో కేంద్ర పురావస్తు శాఖ వాళ్ల శాసనాల విభాగం ఉంది, చదివేది అక్కడే. ఊళ్లో పెద్దోళ్లు ఆ రాయి గురించి చెప్పే కథ కూడా రాసి పెట్టండి, జానపదం చదివేవాళ్లకి అదీ ఆధారమే.

మా వికెట్టు రాయి ఇప్పుడు ఏ గోడ కిందుందో తెలియదు. అది దాన శాసనమో, చెరువు తవ్వించినోళ్ల పేరో, చచ్చిపోయిన వీరుడి గుర్తో చెప్పేవాళ్లు లేరు. పదిమంది పిల్లలం రోజూ దాని ముందే ఆడుకున్నాం, ఒక్కడి దగ్గరా ఫోటో లేదు. అప్పుడు మా చేతుల్లో ఫోన్లు లేవు. మీ చేతుల్లో ఉండాయి. ఈ ఆదివారం ఒకసారి మీ చెరువుకట్ట మీదికి పోయి చూడండి.