రాని భాషలో రాసిన నవల

ఒక భాషలో నవల రాయాలంటే ఆ భాష ఎంత వచ్చి ఉండాలి? పూర్తిగా రావాలనుకునేదాన్ని, అగోతా క్రిస్టోఫ్ గురించి చదివేదాకా.

ఆవిడది హంగరీ. 1956లో అక్కడి తిరుగుబాటుని సోవియట్ సైన్యం అణిచేశాక, నెలల పాపతో, భర్తతో సరిహద్దు దాటింది. అప్పటికి 21 ఏళ్లు. స్విట్జర్లాండ్‌లోని నెషాతెల్‌లో గడియారాల ఫ్యాక్టరీలో పనికి చేరింది. అక్కడంతా ఫ్రెంచ్. ఐదేళ్లకి మాట్లాడటం వచ్చింది కానీ చదవడం రాలేదు. నాలుగేళ్ల వయసుకే చదవడం నేర్చిన మనిషి మళ్లీ నిరక్షరాస్యురాలు! విదేశీయుల కోర్సులో చేరి, డిక్షనరీ పట్టుకుని మొదలుపెట్టింది.

1986లో తొలి నవల 'లె గ్రాన్ కాయే' వచ్చింది, ఫ్రెంచ్‌లోనే. అంటే పెద్ద నోట్‌బుక్. యుద్ధకాలంలో అమ్మమ్మ ఇంట్లో ఉన్న కవల పిల్లలు తమకి తామే పాఠాలు పెట్టుకుని వ్యాసాలు రాస్తారు. రూల్ ఒకటే: నిజమే రాయాలి. ఫీలింగ్స్ చెప్పే మాటలకి కచ్చితమైన అర్థం ఉండదు కాబట్టి అవి నిషేధం. చూసింది, విన్నది, చేసింది, అంతే. వాక్యాలన్నీ చిన్నవి, పొడివి. యుద్ధం ఎంత భయంకరమో ఆ పొడి మాటల్లోనే తెలుస్తుంది. కొద్దిగా వచ్చిన భాషే ఆవిడ శైలి అయింది.

కానీ దానికి మూల్యం ఉంది. ఫ్రెంచ్‌ని ఆవిడ శత్రుభాష అంది. తన మాతృభాషని అది చంపేస్తోందని.

నాది ఇంగ్లిష్ మీడియం. పైన 'నిరక్షరాస్యురాలు' అనే మాట ఎలా రాయాలో అమ్మకి ఫోన్ చేసి అడిగాను. నన్ను తెలుగు నుంచి ఏ సైన్యమూ తరమలేదు.