సంపాదించుకున్న పేరుకు రాతపూర్వక రక్షణ

ఇంట్లో నూరిన మసాలా పొడులను పొట్లాలు కట్టి, వాటిపై ఒక పేరు ముద్రించి, ఇరుగుపొరుగు వారికి అమ్మడంతో ఎన్నో కుటుంబాల జీవనోపాధి మొదలవుతుంది. రమజాన్ మాసంలో గిరాకీ పెరుగుతుంది. వీధి దాటి ఊరంతా పేరు పాకుతుంది. ఒకనాడు పక్క బజారులో అదే పేరుతో, అదే రంగు పొట్లంలో మరొకరి నాసిరకం సరుకు ప్రత్యక్షమవుతుంది. కొని మోసపోయినవారు ఫిర్యాదుతో వచ్చేది మాత్రం అసలు ఇల్లాలి గుమ్మానికే. సరుకు ఆమెది కాదు. నింద మాత్రం ఆమెది.

ఈ నష్టాన్ని నివారించే మార్గం మన దేశ చట్టంలోనే ఉంది. దానికి వకీలును నియమించుకోవలసిన నిర్బంధం లేదు. అయితే ఒక్క సంగతి గ్రహించాలి. దరఖాస్తు చేయడం కష్టం కాదు. చేసిన తరువాత మరచిపోవడమే ప్రమాదం.

పేరు కూడా సొత్తే

వ్యాపార నామం, వ్యాపార చిహ్నం, గ్రంథరచన, నూతన ఆవిష్కరణ - ఇవన్నీ వాటి యజమానుల హక్కులనీ, వాటికి ఆర్థిక విలువ ఉందనీ, షరీఅత్ దృష్ట్యా వాటిని అతిక్రమించడం తగదనీ అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో జరిగిన తన 5వ సమావేశంలో తీర్మానించింది. అప్పు లావాదేవీలను రాసిపెట్టుకొమ్మని దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖరా సూరా 282వ ఆయతులో ఆదేశిస్తోంది. నమ్మకం లేక కాదు, రేపు వివాదం రాకూడదని రాసుకుంటాం. పేరు విషయంలోనూ అంతే.

దరఖాస్తుకు ముందు

మన దేశంలో దీనికి ఆధారం 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై ట్రేడ్ మార్క్స్ కార్యాలయ పరిధిలోకి వస్తాయి. దరఖాస్తును ఆన్‌లైన్‌లోనే పంపవచ్చు.

మొదట, అదే పేరుగానీ, పలకడంలో దానిని పోలిన పేరుగానీ ఇతరులకు ఉన్నదేమో ప్రభుత్వ వెబ్‌సైటులో వెదకాలి. దీనికి రుసుము లేదు. సరుకు గుణాన్ని మాత్రమే చెప్పే పేర్లు సాధారణంగా నిలవవు. ‘ఘాటైన కారం’ అన్న మాట అమ్మేవారందరిదీ. అది ఒక్కరి సొంతం కాజాలదు. పవిత్ర గ్రంథాల పేర్లను పెట్టుకోవాలన్న ఆలోచన కూడా మానుకోవాలి. ఖుర్‌ఆన్, బైబిల్, రామాయణం వంటి గ్రంథాల పేర్లను ఎవరూ తమ వ్యాపార చిహ్నంగా సొంతం చేసుకోలేరని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది.

తరువాత తరగతిని ఎంచుకోవాలి. సరుకులనూ సేవలనూ 45 తరగతులుగా విభజించారు. మసాలాలు 30వ తరగతికి, అత్తరులు 3వ తరగతికి, దుస్తులు 25వ తరగతికి చెందుతాయి. తప్పు తరగతిలో నమోదు చేయిస్తే, అసలు సరుకుకు రక్షణ ఉండదు.

దరఖాస్తు పత్రం పేరు టీఎం-ఎ. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. పెద్ద కంపెనీలకు 9,000. ఆ పేరును ఇదివరకే వాడుతున్నట్లయితే, ఎప్పటినుండి వాడుతున్నారో ప్రమాణపత్రంలో తెలిపి, పాత బిల్లులు, లేబుళ్ళు జతపరచాలి. తేదీని ముందుకు జరిపి రాయడం అబద్ధపు ప్రమాణమే అవుతుంది.

ఎవరి కష్టమో వారి పేరుతోనే దరఖాస్తు ఉండడం మేలు. సౌలభ్యం కోసం తమ్ముడి పేరునో, కుమారుడి పేరునో రాయించి, తరువాత బాధపడడం ఎందుకు? స్త్రీ సంపాదన స్త్రీదేనని ఇస్లాం చెబుతోంది. ట్రేడ్ మార్క్ వారసులకు సంక్రమించే ఆస్తి గనుక, ఈ జాగ్రత్త మరింత అవసరం.

పంపిన తరువాత

అధికారి దరఖాస్తును పరిశీలించి, అభ్యంతరాలుంటే నివేదిక పంపుతారు. అది అందిన నెలలోపు సమాధానం ఇవ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తును వదులుకున్నట్లు పరిగణించవచ్చు. అభ్యంతరం వచ్చిందంటే పని చెడిందని అర్థం కాదు. మన పేరు ఎదుటివారి పేరుకు ఎలా భిన్నమో, ఎంతకాలంగా వాడుతున్నామో ఆధారాలతో సాదా మాటల్లో రాయవచ్చు. అవసరమైతే విచారణలో స్వయంగా మాట్లాడవచ్చు.

అంగీకరించిన పేరును ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో ప్రకటిస్తారు. ఆ తరువాత 4 నెలలపాటు ఎవరైనా వ్యతిరేకత తెలుపవచ్చు. అలా తెలిపితే, నోటీసు అందిన 2 నెలల్లో బదులు దాఖలు చేయకపోతే దరఖాస్తు రద్దయినట్లే. కనుక ఈమెయిల్‌ను తరచు చూడాలి. వెబ్‌సైటులో దరఖాస్తు స్థితిని కనీసం వారానికి ఒకసారి పరిశీలించాలి. దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబరును, చిరునామాను మార్చుకుంటే కార్యాలయానికి తెలియజేయాలి.

నమోదు పూర్తయితే దరఖాస్తు తేదీ నుండి 10 సంవత్సరాలు హక్కు ఉంటుంది. ఆపై రుసుము చెల్లించి పునరుద్ధరించుకుంటూ పోవచ్చు. నమోదు కాకముందే వలయంలో ‘ఆర్’ అక్షరమున్న గుర్తును పొట్లంపై వేయడం చట్టవిరుద్ధం. అంతవరకు ‘టీఎం’ అని వేసుకోవచ్చు.

లేబుల్ బొమ్మ ఎవరిది?

లేబుల్ బొమ్మ గీసిన చిత్రకారునికి డబ్బు చెల్లించినంత మాత్రాన దానిపై సర్వహక్కులూ మనవని భావించరాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. అందులో కాలవ్యవధి రాయకపోతే బదిలీ 5 సంవత్సరాలకే పరిమితమవుతుంది. ఒక్క పుటలో రాసే ఈ ఒప్పందం భవిష్యత్తులో పెద్ద తగవును తప్పిస్తుంది.

వకీలు ఎప్పుడు అవసరం?

ఎదుటివారు వ్యతిరేకతను గట్టిగా నడిపినా, నకిలీ సరుకుపై కోర్టుకు వెళ్ళవలసి వచ్చినా న్యాయనిపుణుల సాయం తీసుకోవడమే వివేకం. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద స్త్రీలు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయసహాయానికి అర్హులు. జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థను సంప్రదించవచ్చు.

నాణ్యమైన సరుకు, సరైన తూకం, నిజమైన మాట - వీటితోనే పేరు వస్తుంది. ఏళ్ళ తరబడి నిజాయితీతో తెచ్చుకున్న ఆ పేరు, సమాధానం రాయని ఒక్క నెల కారణంగా చేజారిపోకూడదు. ఈ రోజే పాత బిల్లులను వెదికి ఒక సంచిలో భద్రపరచండి. మొదటి అడుగు అదే.