పికప్ బండ్లలోని తోలు సీట్లు: వాని సంరక్షణము

పనిముట్టులను కాపాడుకొనుట రైతునకు ఒకరు నేర్పనక్కరలేదు. బండి యిరుసునకు కందెన వేయుట, చెప్పులకు ఆముదము పట్టించుట, వానకాలము రాకముందే మోకులను అటకమీదికి చేర్చుట, ఇవన్నియు తాతలనాటనుండి మనకు వచ్చిన అలవాటులు. అయితే ఇటీవల మన సభ్యులలో కొందరు కొనుచున్న ఖరీదైన పికప్ బండ్లలో తోలు సీట్లు వచ్చుచున్నవి. వీని విషయమున మాత్రము తాతలనాటి అలవాటు మేలునకు మారుగా కీడు చేయుచున్నది. క్రొత్త బండి యింటికి రాగానే సీట్లకు కొబ్బరినూనెయో ఆముదమో పట్టించి, నిగనిగలాడుచున్నవని సంతసించువారు మన గ్రామములలో ఉన్నారు. అది యేల తగదో ముందుగా చెప్పెదము.

పికప్ బండిలో మేలురకపు తోలు వేయు వాడుక అమెరికా దేశమున ప్రబలినది. అచ్చటి టెక్సాసు రాష్ట్రములో కింగ్ రాంచ్ అను గొప్ప పశుక్షేత్రము గలదు. రిచర్డ్ కింగ్ అను నతడు 1853లో దానిని నెలకొల్పెను. ఫోర్డు కంపెనీవారు ఆ క్షేత్రము పేరును, అచ్చటి పశువులపై వేయు ముద్రను తమ ఎఫ్-150 పికప్ బండికి గైకొని, 2001 సంవత్సరపు నమూనాగా వెలువరించిరి. దాని సీట్లకు గుఱ్ఱపు జీనులకు వాడు తోలును బోలిన తోలు వేసిరి. ఆ తోలుపై రంగుపూత బహు స్వల్పము. తాకినచో మెత్తన, చూచినచో సొగసు. కాని చెమట పట్టినను, నీరు పడినను మరక నిలుచును. తోలునకు పోషణ నిచ్చు కండిషనర్ అను లేపనమును తఱచుగా పట్టింపనిచో ఎండి పగులును. ఆ బండ్లు కొన్నవారిలో పలువురకు ఈ యనుభవము కలిగినది.

మన దేశమునకు ఈ తరహా బండ్లు వచ్చి చిరకాలము కాలేదు. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీయందు ఇసుజు కంపెనీవారి కర్మాగారము 2016లో ప్రారంభమై, వీ-క్రాస్ అను పికప్ బండి తయారగుట మొదలైనది. టొయోటావారి హైలక్స్ 2022లో మన విపణికి వచ్చినది. ఇట్టి బండ్ల మేలురకములలో తోలు సీట్లో, తోలును బోలిన సీట్లో ఉండును. ఇవి కింగ్ రాంచ్ తోలువంటివి కావు. అచ్చటివారి వైద్యము ఇచ్చటి రోగమునకు పనికిరాదు.

కపిల తొండమునకును, చెప్పునకును మన పెద్దలు వాడిన తోలు తంగేడు చెక్కతోను, కరక్కాయతోను పదును చేసినది. వానిలోని వగరు తోలును కుళ్ళిపోకుండ కాపాడును. ఆ తోలుపై పూత లేదు గనుక నూనె లోనికి ఇంకి దానిని మెత్తగా నుంచును. అచ్చట ఆముదము నిజముగా ఔషధమే. 1858లో జర్మను రసాయన శాస్త్రజ్ఞుడైన ఫ్రీడ్రిక్ నాప్ క్రోమియము లవణములతో తోలును పదును చేయు విధానమును వివరించెను. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్ట్జ్ అట్టి పద్ధతికి పేటెంటు పొందిన తరువాత అది వ్యాపారమున నెలకొన్నది. వగరు తోలుకు పెక్కు దినములు పట్టు పని ఇందులో బహు త్వరగా ముగియును. నేడు బండ్ల సీట్లకు వాడు తోలులో చాలభాగము క్రోము తోలే. క్రోము లేని క్రొత్త పద్ధతులును గలవు. ఏ పద్ధతిదైనను, పదును అయిన పిమ్మట దానిపై రంగును, ఆ రంగుపై పాలియురెథేన్ అను పలుచని పొరను పూయుదురు. మనము కూర్చుండునది ఆ పొరమీద. అది చెడనంతకాలము లోని తోలు చెడదు.

కాబట్టి నూనె లోనికి పోదు. పైననే నిలిచి, మన త్రోవల దుమ్మును పట్టుకొనును. దుమ్ముతో కలిసిన నూనె గరుకుకాగితమువలె పనిచేసి, ఎక్కి దిగినప్పుడెల్ల పొరను ఒరయును. కుట్లగుండ స్పంజిలోనికి దిగిన నూనె కొన్నాళ్ళకు మక్కువాసన కొట్టును.

మీ సీటు ఏ జాతిదో తెలిసికొనుటకు, మరుగుగా నున్న చోట ఒక నీటి బొట్టు ఉంచి చూడుడు. బొట్టు ముత్యమువలె నిలిచినచో పూత గలది. నిమిషములో ఇంకి ఆ చోటు నల్లబడినచో పూత లేనిది. పూత లేనిదానికే లేపనము తఱచుగా కావలెను. మఱియొక మాట. తోలు సీటని అమ్మునదంతయు తోలు కాదు. ఒంటికి తగులు భాగమున తోలును, ప్రక్కలను వెనుకను తోలును బోలిన ప్లాస్టికు బట్టను వేయుట ఈ వ్యాపారమున సామాన్యము. కొన్ని బండ్లలో అంతయు ప్లాస్టికు బట్టయే. కొనునపుడే యే భాగము తోలో అడిగి వ్రాయించుకొనుట మంచిది. ప్లాస్టికు బట్టకు తోలు లేపనము పూయుట వట్టి ధనవ్యయము.

శుభ్రము చేయుట కష్టము కాదు. వారమున కొకపరి పొడిబట్టతో దుమ్ము దులిపి, కుట్లలోని మట్టిని మెత్తని బ్రష్షుతో తీయవలెను. ఇసుక యుండగానే తడిబట్టతో రుద్దినచో గీతలు పడును. నెల కొకపరి, తోలు కొరకే చేసిన క్లీనరును నీటిలో కలిపిగాని, అది దొరకనిచో ఒకటి రెండు చుక్కల తేలిక ద్రవసబ్బును కలిపిగాని, ఆ నీటిలో పాత పంచెగుడ్డను ముంచి గట్టిగా పిండి తుడువవలెను. ఆ వెంటనే మంచినీటి గుడ్డతోను, పిదప పొడిగుడ్డతోను తుడువవలెను. తోలు స్వభావమున కొంచెము పులుపు గలది. బట్టల సబ్బును, చాకలిసోడాయు క్షారము గలవి గనుక వానిని వాడరాదు. పెట్రోలు, కిరసనాయిలు, చేతులకు పూసికొను శానిటైజరు పొరను కరగించును. సీటునకు సన్నని చిల్లులున్నచో ద్రవమును నేరుగా పోయక, గుడ్డకే పట్టించి తుడువవలెను.

ఇక మన పొలముల మాట. తోలు సీటును పట్టణవాసికంటె మనము త్వరగా పాడుచేయుటకు కారణములు మన వృత్తియందే యున్నవి. వడ్లనూగు అంటిన బట్టలు, నడుమున దోపిన కొడవలి, జేబులోని తాళపుచెవులు, ప్రక్కసీటుపై వేసిన గోనెసంచి, ఇవన్నియు గీతలు పెట్టునవే. యూరియా మొదలగు ఎరువులు గాలిలోని తేమను పీల్చుకొనును. రాలిన గుళికలు సీటు మడతలలో తడిసి కుట్లను, క్రింది యినుప చట్టమును తినివేయును. రాలినచో తడి తగులక ముందే పొడిగా ఎత్తివేయవలెను.

పురుగుమందు సంగతి వేఱు. అచ్చట సీటుకంటె ప్రాణము ముఖ్యము. వెనుక అంత పెద్ద తొట్టి యుండగా మందు డబ్బాలను ముందు సీటుపై పెట్టుకొని పోవుట మేము పలుమారులు చూచియున్నాము. డబ్బా ఒరిగినచో ద్రవము కుట్లగుండ స్పంజిలోనికి దిగును. పైన తుడిచినను లోనిది పోదు. ఎండకు తలుపులు మూసిన బండిలో ఆ యావిరి నిండును. సాయంకాలము ఆ సీటుపైననే మన పిల్లలు కూర్చుందురు. కాబట్టి మందులు, పిచికారీ యంత్రములు తొట్టిలోనే కదలకుండ కట్టి తీసికొనిపోవలెను. మందు కొట్టినవారు చేతులు కడిగికొని, బట్టలు మార్చుకొని కాని బండి యెక్కరాదు. ఒలికినచో చేతితొడుగులు ధరించి, తలుపులన్నియు తెరచి, రుద్దక అద్ది తీసి, పిదప సబ్బునీటి గుడ్డతో రెండు మూడు పర్యాయములు తుడువవలెను. ఆ గుడ్డలను మరల వాడరాదు. స్పంజి తడిసినచో ఖర్చుకు వెనుదీయక దానిని మార్పింపవలెను.

వేసవిలో ఎండన నిలిపిన బండి లోపలి వేడి 60 డిగ్రీలు దాటుట కలదు. నీడన నిలుపుట, అది లేనిచోట ముందు అద్దమునకు తెర పెట్టుట సులభోపాయము. వానకాలమున తడిబట్టలతో కూర్చుండి, అట్లే తలుపులు మూసినచో బూజు పట్టును. పొడి దినమున తలుపులు తెరచి గాలి తగులనీయవలెను. కంపెనీవారు కప్పిన ప్లాస్టికు కాగితమును క్రొత్తదనము పోవునని నెలల తరబడి తీయనివారు కలరు. దాని క్రింద చెమ్మ నిలిచి తోలునకు బూజు పట్టును. బండి వచ్చిననాడే దానిని తీసివేయుట మేలు.

పొలమునకు పోవు దినములలో పలుచని నూలు దుప్పటి పఱచుకొనుట మాకు సమ్మతమే. పైకవర్లు తొడిగించువారు మాత్రము ఒకటి విచారింపవలెను. కొన్ని బండ్లలో ప్రమాదసమయమున విచ్చుకొను గాలిసంచి సీటు ప్రక్కననే అమర్చియుండును. దానిపై బిగుతుగా కుట్టిన కవరు ఆ సంచిని విచ్చుకొననీయకపోవచ్చును. సీటు ప్రక్కన ఎయిర్ బ్యాగ్ అను చీటి యున్నదేమో చూచి, ఉన్నచో దానికి తగినట్లు ఆ భాగము తెరచి కుట్టిన కవరునే కొనవలెను.

పగులు ఒకమారు పడినచో ఏ లేపనమును దానిని అతుకదు. పూత మాత్రమే పగిలినచో రంగు నింపి సరిచేయువారు పట్టణములలో గలరు. తోలే చినిగినచో కుట్లు విప్పి ఆ ముక్కను మార్చుట తక్కువ ఖర్చుతో ముగియును, సీటంతయు మార్పనక్కరలేదు. గాలిసంచి యున్న ప్రక్కను మాత్రము కంపెనీ మరమ్మతుశాలలోనే విప్పింపవలెను.