ఆరిన మరక మళ్లీ ఎందుకు వాసనేస్తుంది?

కార్పెట్ మీద పసివాడు ఉచ్చ పోస్తాడు. తుడుస్తారు, సబ్బునీళ్లతో రుద్దుతారు, ఫ్యాను కింద ఆరబెడతారు. వాసన పోతుంది. కొన్ని వారాల తర్వాత ముసురు పట్టిన రోజున గది తలుపు తీయగానే అదే వాసన గుప్పుమంటుంది. పిల్లవాడు మళ్లీ పోశాడేమో, ఇంట్లోకి పిల్లి దూరిందేమో అనుకుంటారు. నిజానికి కొత్తగా ఎవరూ ఏమీ చేయలేదు.

చాలా ఇళ్లలో ఈ వాసనను శుభ్రత లోపంగా చూస్తారు. ఇంటి పని చేసేవాళ్లను, పక్క తడిపే పిల్లలను, మూత్రం ఆపుకోలేని పెద్దవాళ్లను తప్పుపడతారు. అది అన్యాయం. వాసన ఏ పదార్థానిది, అది ఎంత లోతున ఉంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలియకపోతే ఎంత ఓపికగా రుద్దినా ఫలితం ఉండదు.

మొదటి ప్రశ్న చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రానికి అప్పటికప్పుడు పెద్దగా వాసన ఉండదు. అందులో దాదాపు 95 శాతం నీరే. మిగిలిన దాంట్లో పెద్ద వాటా యూరియాది. పొలంలో చల్లే యూరియా, మన ఒంట్లోంచి బయటికి పోయే యూరియా ఒకటే అణువు; దానికి వాసన లేదు. అయితే చర్మం మీదా, దుమ్ములోనూ, కార్పెట్ పోగుల్లోనూ ఉండే అనేక రకాల బ్యాక్టీరియా దగ్గర యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది యూరియాను అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. మొదట కాస్త ఆమ్లంగా, పీహెచ్ 6 దగ్గర ఉన్న మరక క్రమంగా 9 వైపు, అంటే క్షారం వైపు జరుగుతుంది. ముక్కుపుటాలు అదిరే ఘాటు అప్పుడు మొదలవుతుంది. చేనులో పైపైన చల్లిన యూరియాలో కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోవడానికి కారణం కూడా ఈ ఎంజైమే.

ఈ యూరియేజ్‌కు విజ్ఞానశాస్త్ర చరిత్రలో పెద్ద చోటు ఉంది. ఎంజైమ్‌లు అసలు ఏ పదార్థంతో తయారవుతాయో తెలియని రోజుల్లో, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ సమ్నర్ ఏళ్ల తరబడి జాక్ బీన్ గింజల పిండితో కుస్తీ పట్టాడు. జాక్ బీన్ మన తమ్మకాయకు దగ్గరి చుట్టం. పదిహేడేళ్ల వయసులో వేటకు వెళ్లి జరిగిన ప్రమాదంలో ఎడమ చెయ్యి పోగొట్టుకున్న మనిషి ఆయన. 1926లో ఆ పిండి నుంచి యూరియేజ్‌ను స్ఫటికాలుగా వేరుచేసి, అది ప్రొటీన్ అని చూపించాడు. స్ఫటికంగా చేతికందిన మొట్టమొదటి ఎంజైమ్ అదే. తోటి శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మలేదు. 1946లో నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా దక్కింది. ఆ ఎంజైమ్ గుండెలో నికెల్ లోహం ఉందని 1975లో తేలింది.



ఇక లోతు సంగతి. అమెరికా అపార్ట్‌మెంట్లలో గది నిండా గోడ నుంచి గోడ దాకా కార్పెట్ పరిచి ఉంటుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లొచ్చిన అమ్మానాన్నలకు అది తెలుసు. పైకి కనిపించే పోగులు ఆ కార్పెట్‌లో ఒక పొర మాత్రమే. పోగుల్ని పట్టి ఉంచే అడుగు అల్లిక, దాని కింద లేటెక్స్ జిగురు, మళ్లీ ఇంకో అల్లిక, ఆ కింద మెత్తటి ఫోమ్, అన్నిటికంటే కింద చెక్క. పైన అరచేయంత కనిపించే మరక కిందికి దిగేకొద్దీ పక్కలకు పాకుతుంది. ఫోమ్‌లో దాని వెడల్పు పైనున్న దానికంటే ఎక్కువ ఉంటుంది. పైన గుడ్డతో తుడిచి, పోగులు ఆరాయని ఊరుకుంటే, అడుగున ఉన్న తడి దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు పోగుల వెంట పైకి వస్తుంది. నీరు ఆవిరైపోయి ఉప్పులూ యూరియా పోగుల కొనల్లో మిగులుతాయి. కడిగిన మర్నాడు మరక మళ్లీ కనిపించడానికి కారణం ఇదే.

ఆ ఉప్పులకు గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. వానాకాలంలో అవి చెమ్మగిల్లుతాయి. నిద్రాణంగా ఉన్న బ్యాక్టీరియా లేస్తుంది, మిగిలిన యూరియా మీద పడుతుంది. పోగులకు అంటుకుని ఉన్న వాసన అణువుల స్థానంలోకి నీటి అణువులు చేరి వాటిని గాలిలోకి తోస్తాయి. ఎండాకాలం అంతా అణిగి ఉన్న వాసన తిరిగి రావడం వెనక ఇంత జరుగుతుంది.

మళ్లీ మొదటి ప్రశ్నకు, అంటే పదార్థం సంగతికి వద్దాం. యూరియా నీళ్లలో సులువుగా కరుగుతుంది. గది వేడిలో లీటరు నీటిలో కిలోకు పైగానే. మనిషి మూత్రంలో ఉండే యూరిక్ ఆమ్లం అలా కాదు. లీటరు నీటిలో అరవై మిల్లీగ్రాములు కరగడమే గగనం. ఎన్ని నీళ్లు పోసి కడిగినా అది మొండిగా మిగలడం సహజం. కుక్కలు, పిల్లుల మూత్రం వాసన వదలకపోవడానికి కూడా యూరిక్ ఆమ్లం స్ఫటికాలే కారణమని క్లీనర్లు అమ్మేవాళ్లు చెబుతుంటారు. ఆ మాట అంతగా నిలవదు. చాలా క్షీరదాల్లో యూరిక్ ఆమ్లాన్ని అలంటోయిన్ అనే తేలిగ్గా కరిగే పదార్థంగా మార్చే ఎంజైమ్ ఉంటుంది. మనుషుల్లో, పెద్ద కోతుల్లో అది లేదు. కుక్కల్లో, పిల్లుల్లో ఉంది. కుక్కల్లో నల్లమచ్చల డాల్మేషియన్ జాతి ముఖ్యమైన మినహాయింపు: ఆ ఎంజైమ్ ఉన్నా దాని మూత్రంలో యూరిక్ ఆమ్లం ఎక్కువగానే పోతుంది.

పిల్లి మూత్రం అసలు రహస్యం గంధకంలో ఉంది. పిల్లి మూత్రంలో ఫెలినీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అది ఎలా తయారవుతుందో జపాన్ శాస్త్రవేత్త మసావో మియజాకి బృందం 2006లో వివరించింది: పిల్లి మూత్రపిండాల్లో తయారయ్యే కాక్సిన్ అనే ప్రొటీన్ ఒక పెద్ద అణువును కత్తిరించి ఫెలినీన్‌ను విడుదల చేస్తుంది. గండుపిల్లిలో ఇది చాలా ఎక్కువ. ఫెలినీన్ నెమ్మదిగా విరిగి థయోల్ అనే జాతి గంధక పదార్థాలను వదులుతుంది. లీకైతే తెలియాలని వంటగ్యాసులో కలిపే ఇథైల్ మెర్కాప్టాన్ కూడా ఈ జాతిదే. ఇలాంటివి గాలిలో వందకోట్ల భాగాల్లో ఏ కొద్ది భాగాలు ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. అందుకే తొంభై శాతం వదిలించినా పిల్లి వాసన ఇంకా ఉన్నట్టే ఉంటుంది.

ఇన్ని రకాల పదార్థాలకు ఒకే మందు ఉంటుందని ఆశించడం తప్పు. వెనిగర్ ఆమ్లం కనుక అమ్మోనియాను ఎగరలేని ఉప్పుగా మారుస్తుంది. అంతవరకు మంచిదే. అదే వెనిగర్ యూరిక్ ఆమ్లాన్ని ఇంకా కరగకుండా చేస్తుంది, థయోల్స్‌ను ముట్టుకోదు. వంటసోడా కొన్ని పుల్లటి వాసనలకు పనికొస్తుంది, అమ్మోనియా మీద దాని ప్రభావం లేదు. రెండూ కలిపి పోస్తే బుసబుసా పొంగుతుంది; చూడటానికి ఘనంగా ఉంటుంది గానీ ఒకదాని బలాన్ని ఒకటి చంపుకుని చివరికి కాస్త ఉప్పునీళ్లు మిగులుతాయి. గది స్ప్రేల్లో వాడే సైక్లోడెక్స్ట్రిన్ అనే ఉంగరం లాంటి చక్కెర అణువు కొన్ని వాసనలను తన లోపల బంధిస్తుంది. మరక మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

థయోల్స్‌కు విరుగుడు ఆక్సీకరణ. స్కంక్ అనే జంతువు చిమ్మే భయంకరమైన వాసన కూడా థయోల్స్‌దే. దాని కోసం 1993లో పాల్ క్రేబామ్ అనే అమెరికన్ రసాయనవేత్త మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, వంటసోడా, కాస్త ద్రవ సబ్బు కలిపిన మిశ్రమాన్ని ప్రకటించాడు. పిల్లి మరక మీదా ఆ రసాయనమే పనిచేస్తుంది. అయితే దాన్ని కలిపిన వెంటనే వాడేయాలి. సీసాలో మూత బిగించి దాస్తే ఆక్సిజన్ పేరుకుని సీసా పగులుతుంది. రంగు వెలుస్తుంది కనుక ముందు మూల మీద పరీక్షించాలి. ఏలూరు తివాచీల్లాంటి ఉన్ని అల్లికల జోలికి దాన్ని పోనివ్వకూడదు. ఉన్ని ప్రొటీన్, పెరాక్సైడ్‌కూ క్షారానికీ దెబ్బతింటుంది. ప్రొటీన్‌ను కరిగించే ఎంజైమ్ క్లీనర్లు కూడా ఉన్నికి, పట్టుకు వద్దు.

మిగిలిన కార్పెట్లకు నా ఓటు ఎంజైమ్ క్లీనర్లకే. వాటిలో చాలావరకు బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. అవి తడిలో మేల్కొని మరకను తింటాయి. వాటికి సమయం కావాలి, తడి కావాలి. మూత్రం ఎంత లోతుకు దిగిందో ద్రవం కూడా అంత లోతుకు దిగాలి. పైన రెండు చిమ్ములు చిమ్మి పది నిమిషాల్లో తుడిచేస్తే డబ్బు దండగ. ముందే ఫినాయిలో డెట్టాలో పోసి ఉంటే పనిచేయాల్సిన బ్యాక్టీరియా చస్తుంది.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. మూత్రం మీద బ్లీచ్ పోయకండి. అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తులను గాయపరిచే క్లోరమైన్ వాయువులు పుడతాయి. వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వస్తుంది.

అప్పుడే పోసిన మూత్రానికైతే ఇంత అక్కర్లేదు. మడతలు పెట్టిన పాత నూలు గుడ్డ వేసి, రుద్దకుండా, కాలితో బరువు మోపి అదమాలి. గుడ్డ మార్చి మళ్లీ అదమాలి. తర్వాత చల్లటి నీళ్లు పోసి మళ్లీ పీల్చాలి. ఆవిరి యంత్రం వద్దు. వేడికి ప్రొటీన్లు పోగులకు అతుక్కుపోతాయి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాల్లాంటి నూలు అల్లికలు ఇంట్లో ఉంటే ఇంకా సులువు. కింద జిగురు లేదు, ఫోమ్ లేదు. రంగు కారదని చూసుకుని రెండువైపులా నీళ్లు పారేలా కడిగి ఎండలో వేయొచ్చు.

పాత మరక ఎక్కడుందో తెలియకపోతే రాత్రి దీపాలార్పి అతినీలలోహిత టార్చి వేసి చూడండి. ఎండిన మూత్రం పాలిపోయిన పసుపుపచ్చగా మెరుస్తుంది. సబ్బు అవశేషాలు కూడా మెరుస్తాయి కనుక దగ్గరికి వంగి వాసన చూసి నిర్ధారించుకోవాలి. నెలల తరబడి ఒకేచోట పడి ఫోమ్ నానిపోయి ఉంటే ఏ ద్రవమూ దాన్ని బాగుచేయదు. కార్పెట్‌ను గోడవార నుంచి ఎత్తి, ఆ మేరకు ఫోమ్ కోసి పారేసి, చెక్కను కడిగి పూర్తిగా ఆరనిచ్చి, సీలర్ పూసి, కొత్త ఫోమ్ ముక్క అతికించాలి.