ఏడేళ్ల ఫోను... ఏడాది గొప్ప

"అమ్మా, కాలేజీలో గ్రూపు ఫోటో తీసుకునేటప్పుడు 'ఐఫోను ఎవరి దగ్గరుంది?' అని అడుగుతారు. నా ఫోను ఎవ్వరూ అడగరు."

మా అమ్మాయి ఈ మాట అన్నప్పుడు నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. అది ఏడవలేదు, అలగలేదు. మామూలుగా అనేసి లోపలికెళ్లిపోయింది. అందుకే నాకు గుచ్చుకుంది. అరిచి అడిగితే నేనూ కసిరేద్దును. ఇలా అంటే ఏం చెయ్యను?

డిగ్రీలో చేరితే కొత్త ఫోను కొనిస్తానని మావారు ఎప్పుడో మాటిచ్చారు. వచ్చే నెలలో నా చీటీ డబ్బు లక్ష చేతికొస్తుంది. వంటింటి గట్టు బాగుచేయించి, మిగిలింది పిల్ల పేర బ్యాంకులో వేద్దామని నా లెక్క. ఆ లక్షలో ఎనభై వేలు ఒక్క ఫోనుకే పోస్తే ఇంకేం మిగులుతుంది?

పోనీ, కాదనేముందు అందులో ఏముందో తెలుసుకోవాలి కదా! చీర కొనేటప్పుడు కొంగు, అంచు, జరీ అన్నీ తిరగేసి చూస్తాం. ఫోను దగ్గరికొచ్చేసరికి "పిల్లలకి తెలుసులే" అని ఊరుకుంటాం. సరిగ్గా అప్పుడే మా తమ్ముడు బెంగళూరు నుంచి పది రోజులు సెలవు మీద వచ్చాడు. వాడిది ఐఫోను 15. నాదేమో మూడేళ్ల కిందట పద్ధెనిమిది వేలకి కొన్న ఆండ్రాయిడ్.

"ఒరేయ్, రోజూ ఓ గంటసేపు నీ ఫోను ఇలా ఇవ్వరా" అన్నాను.

"ఎందుకక్కా, దాని మీద కథ రాస్తావా?"

"కథ కాదు, లెక్క రాస్తాను" అన్నాను.

తోడికోడళ్ల పోటీ

ఐఫోనుకి ఆ పేరు ఊరికే రాలేదండీ. 2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ దాన్ని జనానికి చూపించాడు. ఆ జూన్ 29న అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అప్పట్లో ఫోనంటే కింద సగం మీటలు, పైన చిన్న తెర. తెర మీద వేలితో జరపడం, రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసుకోవడం ఇవాళ మూడేళ్ల పిల్లలక్కూడా వచ్చు. లోకానికి ఆ అలవాటు చేసింది ప్రధానంగా ఐఫోనే. ఆండ్రాయిడ్ తొలి ఫోను 2008లో వచ్చింది.

ఆ తర్వాత అంతా తోడికోడళ్ల వ్యవహారం. 2020లో ఐఫోను 12 పెట్టెలో చార్జరు పెట్టడం మానేస్తే సామ్‌సంగ్ వాళ్లు వేళాకోళం చేశారు. 2021 జనవరిలో వచ్చిన తమ పెద్ద ఫోనుతో వాళ్లూ మానేశారు! ఆపిల్ మాత్రం తక్కువ తిందా? తన సొంత రకం తీగ పట్టుకుని ఏళ్ల తరబడి వేలాడింది. ఐరోపా వాళ్లు అన్నిటికీ ఒకే తీగ ఉండాలని చట్టం చేశాక, 2023లో ఐఫోను 15తో దిగివచ్చింది. అందుకే మా తమ్ముడూ నేనూ ఒకే తీగతో సర్దుకున్నాం.

"ఎంతైనా అమెరికా ఫోనక్కా" అని వాడు మురిసిపోతుంటే పెట్టె తిరగేయించాను. ఇండియాలో కూర్చిందే. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో ఐఫోన్లు కూర్చే ఫ్యాక్టరీలో ఎక్కువమంది ఆడపిల్లలే. 2015లో మన శ్రీసిటీలో షావోమీ ఫోన్ల తయారీ మొదలైనప్పుడూ అంతే. ఏ ఫోను గొప్పదైనా చేతులు మాత్రం మనవాళ్లవే సుమా!

వంటింటి పరీక్ష

ఓ ఉదయం వాకిట్లో ముగ్గును రెండు ఫోన్లతోనూ తీశాను. ఏది దేనిదో చెప్పకుండా పక్కింటి పిన్నిగారికి చూపించాను. "ఇది కళగా ఉందే" అని ఆవిడ నా ఫోను ఫోటోనే చూపించారు. రంగులు కాస్త ముదురుగా ఉన్నాయిలెండి. రాత్రి దీపం దగ్గర తీసినప్పుడు మాత్రం ఐఫోనుదే సహజంగా వచ్చింది.

వీడియో దగ్గర నేను ఓడిపోయాను. పిన్నిగారి మనవడు మేడమెట్లు ఎక్కుతుంటే వెనక పరుగెత్తుతూ తీశాం. నాది చూస్తే కళ్లు తిరిగాయి. తమ్ముడిది కుదురుగా ఉంది, పిల్లాడి నవ్వు కూడా స్పష్టంగా వినిపించింది. వీడియోల విషయంలో దాని పేరు నిజమే.

తెర జరుపుతుంటే నాదే నున్నగా కదిలింది. నా ఫోను తెర మీద బొమ్మ సెకనుకు 120 సార్లు మారుతుందిట, ఐఫోను 15లో 60 సార్లే. మామూలు ఐఫోనుకి ఆ 120 వచ్చింది 2025లో, 17తోనే. ఇక చార్జింగా? నాది వంటయ్యేలోపల నిండిపోతుంది. వాడిది భోజనాలై గిన్నెలు తోమేదాకా పడుతుంది. పాలవాడికి డబ్బు పంపడం, వాట్సాప్, రైలు టిక్కెట్టు... వీటిలో వీసమెత్తు తేడా లేదు.

అన్నట్టు, ఇంత గొప్ప ఫోనునీ ఒకసారి మన తెలుగు అక్షరం పడగొట్టింది! 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరాన్ని కంటికి కనబడని ఒక గుర్తుతో కలిపి పంపితే, అందుకున్న ఐఫోనులో వాట్సాప్ లాంటివి ఠక్కున మూతబడిపోయాయి. ఆపిల్ ఆ నెలలోనే సరిచేసిందనుకోండి. ఎంతవారలకైనా జ్ఞానం అరగడం కష్టమేనని మావారు ఒకటే నవ్వు.

ధర కాదు, ఏళ్లు చూడాలి

ఇంతకీ అసలు సంగతి తమ్ముడు చెప్పాడు. ఫోనులో మన బ్యాంకు డబ్బుంటుంది. దొంగలు కొత్త తాళంచెవులు చేస్తున్నప్పుడల్లా కంపెనీ కొత్త తాళం వెయ్యాలి. దాన్నే అప్‌డేట్ అంటారు. 2018లో వచ్చిన ఐఫోను ఎక్స్ఎస్‌కి 2024 దాకా ఏటా కొత్త రూపం అందింది. చవక ఆండ్రాయిడ్‌లలో చాలావాటికి రెండు మూడేళ్లకే ఆగిపోయేది. ఐఫోను గొప్పలో గట్టి సరుకు ఇదే. పాతదాన్ని అమ్మినా మిగతావాటికంటే మంచి ధరే పలుకుతుంది.

కానీ పోటీవాళ్లూ ఊరుకోలేదు. గూగుల్ పిక్సెల్ 8కి 2023లో, సామ్‌సంగ్ ఎస్24కి 2024లో ఏడేళ్ల పూచీ ఇచ్చారు. అవీ ఖరీదైనవే అంటారా? 2024 అక్టోబరులో ఇరవై వేల లోపు ధరకు వచ్చిన గెలాక్సీ ఏ16కి కూడా ఆరేళ్ల పూచీ ఉంది. చవక ఫోను ఆరో ఏట నత్తనడక నడవచ్చు, అది వేరే సంగతి. బ్యాటరీ ఎవరిదైనా కొన్నేళ్లకి నీరసపడేదే. బ్యాటరీ పాతబడ్డ ఐఫోన్లను తామే నెమ్మది చేస్తున్నామని 2017లో ఆపిల్ ఒప్పుకుంది. అమెరికాలో ఆ దావా రాజీకి 2020లో 50 కోట్ల డాలర్ల దాకా ఇస్తానంది.

లెక్క వేశాను. 2025లో ఐఫోను 17 వచ్చినప్పుడు మనదేశంలో దాని ధర 82,900 రూపాయలు. ఏడేళ్లు వాడితే ఏడాదికి దాదాపు 11,800. ఇరవై వేల ఫోను నాలుగేళ్లు వాడితే ఏడాదికి 5,000. పైకి నాలుగు రెట్లున్న తేడా రెండు రెట్ల పైచిలుకుకి దిగింది. మంచి వీడియో కోసం, ఏడేళ్లూ దాన్నే వాడతానని కొనేవాళ్లది తప్పు లెక్కేం కాదు. వాయిదాల మీద కొని, అవి తీరగానే మార్చేసేవాళ్లు మాత్రం ఫోను కొనడం లేదు, చూసేవాళ్ల కళ్లు కొంటున్నారు.

ఆ కాగితం అమ్మాయి చేతిలో పెట్టాను. "ఏడేళ్లు ఇదే వాడతానంటే గట్టు పని ఆపేస్తాను, కొనుక్కుందాం" అన్నాను. నిజంగానే అన్నాను. మావారు గతుక్కుమన్నారు.

అది రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు రాత్రి పక్కన చేరి, "ఏడేళ్లు నేను వాడగలనమ్మా. కానీ వచ్చే సెప్టెంబరులో ఇంకోటి వస్తుంది. అప్పుడు దీన్నీ పాతది అంటారు" అంది.

పది రోజులు నేను పడ్డ పాట్లన్నీ ఆ ఒక్క మాటలో చెప్పేసింది. ఫోను ఏడేళ్లు మన్నుతుంది. దాని గొప్ప మాత్రం ఏడాదికే చెల్లిపోతుంది. మనచేత డబ్బు పెట్టిస్తున్నది రెండోదానికి.

ఇరవై వేల లోపు ఫోను తనే ఎంచుకుంది. వంటింటి గట్టు పని మొదలైంది. మొన్న కాలేజీ గ్రూపు ఫోటో చూపిస్తే, "ఇది నీ ఫోనులోదేనా?" అని ఆశగా అడిగాను.

"కాదమ్మా, మా ఫ్రెండు ఐఫోనుది" అని నవ్వింది. "కానీ అందరూ సరిగ్గా పడేలా తీసేది నేనేనని, ఫోను నా చేతికే ఇచ్చారు."