మంచు కింద ముత్తాత చేప

ఫిబ్రవరి నెల రెండో శనివారం తెల్లవారేసరికి అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక సరస్సు మీద ఊరు వెలుస్తుంది. ఒడ్డున కాదు, సరిగ్గా సరస్సు మీదే! గడ్డకట్టిన నీటి మీద వేలకొద్దీ చిన్న గుడిసెలు, వాటి పక్కన కార్లు. మంచులో దారి తెలియడానికి క్రిస్మస్ పండుగకు వాడి పారేసిన చెట్లను వరసగా పాతుతారు. ఆ సరస్సు పేరు విన్నెబేగో. విస్తీర్ణం సుమారు 550 చదరపు కిలోమీటర్లు. లోతు మాత్రం ఎక్కడా 21 అడుగులకు మించదు.

ఇంతమంది అక్కడ చేరేది స్టర్జన్ అనే చేప కోసం. వలతో కాదు, గాలంతో కాదు, బల్లెంతో పొడిచి పట్టడానికి.

నీరు 4 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అన్నిటికంటె ఎక్కువ సాంద్రంగా ఉంటుందని మీరు చదివే ఉంటారు. అందుకే చలికాలంలో సరస్సు పైనుంచి గడ్డకడుతుంది. మంచుకు ఆనుకున్న నీరు సున్నా డిగ్రీల దగ్గర ఉంటే, కిందకు పోయేకొద్దీ కాస్త వెచ్చగా, అంటే 4 డిగ్రీల వైపు ఉంటుంది. ఆ అడుగునే స్టర్జన్ తిరుగుతూ ఉంటుంది.

చీకటి గుడిసెలో

వేటగాడు మంచును రంపంతో కోసి పెద్ద రంధ్రం చేస్తాడు. అది 48 చదరపు అడుగులకు మించకూడదని నియమం. దాని మీద కిటికీలు లేని గుడిసె నిలబెట్టి, తలుపు మూసి, లోపల చీకట్లో కూర్చుంటాడు. చీకటి ఎందుకు? గుడిసెలో వెలుతురు ఉంటే అది నీటి ఉపరితలం మీద పడి ప్రతిఫలిస్తుంది, లోపలిది కనిపించదు. చీకటిగా ఉంటే, చుట్టూ ఉన్న మంచుగుండా నీటిలోకి దిగిన వెలుతురులో అడుగుభాగం లేత పచ్చగా కనిపిస్తుంది. పట్టపగలు వీధిలోంచి ఇంటి కిటికీలోకి చూస్తే ఏమీ కనబడదు, ఇంట్లోంచి వీధిలోకి చూస్తే అంతా కనబడుతుంది. ఇదీ అలాంటిదే.

సరస్సు అడుగున తెల్లటి గొట్టాలో, గుడ్డు పెంకులో వేసి ఉంచుతారు, వాటి మీదుగా చేప పోతే నీడలా తెలుస్తుందని. చెక్కతో చేసి రంగులు వేసిన బొమ్మచేపను తాడుతో వేలాడదీస్తారు. ఇక ఎదురుచూడటమే. గంటలు, రోజులు, కొందరికి ఏళ్ళు! ఎన్నో ఏళ్ళు కూర్చుని ఒక్క చేపను కూడా చూడనివారు ఉన్నారు.

ఇక్కడ వక్రీభవనం ప్రశ్న ఒకటి. 16 అడుగుల లోతున ఉన్న చేప నిలువుగా చూసేవాడికి ఎంత లోతున కనిపిస్తుంది? నీటి వక్రీభవన గుణకం 1.33 కనుక సుమారు 12 అడుగుల లోతున. తిన్నగా కిందకు చూస్తున్నాడు కాబట్టి దిశ మారదు, గురి తప్పదు. అదే గట్టు మీద నుంచి ఏటవాలుగా చూసి బల్లెం విసిరితే చేప పైనుంచి పోతుంది.

తొందర లేని జీవి

స్టర్జన్ జాతి చాలా పురాతనమైనది. డైనోసార్ల కాలంలోనే దీని పూర్వీకులు ఉన్నారు. అస్థిపంజరంలో ఎక్కువ భాగం మృదులాస్థి. ఒంటి మీద అయిదు వరుసల్లో ఎముకల బిళ్ళలు. మూతి కింద నాలుగు మీసాలు. పళ్ళు లేవు. బురదలోని పురుగులను, ముఖ్యంగా ఒక రకం ఈగల లార్వాలను, గొట్టంలా సాగే నోటితో పీల్చుకు తింటుంది. 2010లో ఈ సరస్సులో పొడిచిన ఒక చేప ఏడడుగుల పొడవు, 96 కిలోల బరువు తూగింది.

కాని దీని అసలు విశేషం బరువులో లేదు, వయసులో ఉంది. ఆడ స్టర్జన్ మొదటిసారి గుడ్లు పెట్టడానికి 20 నుంచి 27 ఏళ్ళు పడుతుంది. ఆ తరువాత కూడా ఏటా పెట్టదు. మూడు నుంచి అయిదేళ్ళకొకసారి. నూరేళ్ళు దాటి బతికినవి ఉన్నాయి. మీ ముత్తాతగారు పలకాబలపం పట్టిన నాటికి పుట్టిన చేప ఈనాటికీ అడుగున ఈదుతూ ఉండవచ్చు.

ఇంత నిదానమైన జీవితం మనిషి కంటబడితే ఏమవుతుందో 19వ శతాబ్దం చూపించింది. అమెరికాలోని మహాసరస్సుల్లో జాలరులు మొదట దీన్ని వలలు చింపే పీడగా ఎంచి చంపి పారేశారు. ఒడ్డున గుట్టలు పోసి ఎండబెట్టి, ఆవిరి పడవల్లో కట్టెలకు బదులుగా తగలబెట్టారు కూడా. తరువాత దాని గుడ్లకు, మాంసానికి గిరాకీ వచ్చింది. అంతే, కొన్ని దశాబ్దాల్లో చాలా చోట్ల అది దాదాపు కనుమరుగైంది. విస్కాన్సిన్‌లో 1915లో స్టర్జన్ వేటను పూర్తిగా ఆపేశారు. 1932లో విన్నెబేగోలో మంచు మీద బల్లెం వేటకు మాత్రం తిరిగి అనుమతించారు.

లెక్క

మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ లెక్క ఇస్తే ముందు నవ్వారు, తరువాత ఊరుకున్నారు. మీరూ చేయండి. ఒక సరస్సులో ఎదిగిన ఆడ చేపలు 1000 ఉన్నాయనుకుందాం. ఏటా నూటికి పది చొప్పున పట్టాం. కొత్తవేవీ ఎదిగి రాలేదు. ఏడేళ్ళకు మిగిలేవి 478. నూటికి అయిదు చొప్పున పడితే ఆ స్థితికి రావడానికి సుమారు 14 ఏళ్ళు పడుతుంది. ఇప్పుడు, ఈ ఏడు పుట్టిన ఆడపిల్ల తల్లి కావడానికి 25 ఏళ్ళనుకోండి. ఆనాటికి మొదటి లెక్కలో మిగిలేవి 72 మాత్రమే. రెండో లెక్కలో 277.

నిజమైన సరస్సులో ఏటా కొన్ని చేపలు ఎదిగి వస్తూనే ఉంటాయి కనుక పరిస్థితి ఇంత ఘోరంగా ఉండదు. అయినా ఒక సంగతి గమనించండి. ఈనాడు చేసిన పొరపాటు పాతికేళ్ళకుగాని బయటపడదు. అందుకే విన్నెబేగోలో ఎదిగిన చేపల్లో ఏటా నూటికి అయిదుకు మించి పట్టకూడదని హద్దు పెట్టుకున్నారు.

హద్దు పెట్టడం తేలికే, నిలబెట్టడం ఎలా? ఒక లైసెన్సుకు ఒక్కటే చేప. 36 అంగుళాల కంటె చిన్నదాన్ని పొడవకూడదు. వేట మధ్యాహ్నం ఒంటిగంట వరకే. ఇవి మామూలు నియమాలు. చిక్కంతా ఆడ, మగ తేడా దగ్గర వచ్చింది. పైనుంచి చూసి చెప్పడం సాధ్యం కాదు. పెద్ద చేపలన్నీ దాదాపు ఆడవే. అందరికీ కావలసింది పెద్ద చేపే!

1990ల చివర నుంచి దీనికొక ఉపాయం అమలు చేస్తున్నారు. పట్టిన ప్రతి చేపనూ ఆ రోజే నమోదు కేంద్రానికి తేవాలి. అక్కడ జీవశాస్త్రజ్ఞులు తూచి, కొలిచి, అది మగదో, ఎదిగిన ఆడదో, ఎదగని ఆడదో రాసుకుంటారు. మూడింటికీ వేరు వేరు హద్దులు. వాటిలో ఏ ఒక్కటి నిండినా అందరికీ వేట బంద్. సీజను 16 రోజులని పేరేగాని, నీరు తేటగా ఉన్న ఏడు అంతకంటె చాలా ముందే ముగిసిన సందర్భాలున్నాయి. నీరు మురికిగా ఉన్న ఏడు పదహారు రోజులూ ఖాళీ చేతులతో కూర్చునేవారే ఎక్కువ. 2024 శీతాకాలంలో మంచే సరిగా గట్టిపడలేదు.

చెవిలో రాయి

చేప వయసు ఎలా తెలుస్తుంది? చెట్టు మానులో వలయాలున్నట్టే స్టర్జన్ రెక్కముల్లును అడ్డంగా కోస్తే వలయాలు కనిపిస్తాయి. చాలాకాలం వాటినే లెక్కపెట్టారు. అది సరైనదేనా అని పరీక్షించడానికి శాస్త్రజ్ఞులకు ఒక విచిత్రమైన గడియారం దొరికింది. 1950లలో, 60లలో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపయింది. అది నీటిలో కలిసి, చేప చెవిలోని చిన్న రాయిలో కూడా చేరింది. రాయిలోని ఏ పొరలో ఆ కార్బన్ పెరిగిందో చూస్తే ఆ పొర ఏ కాలానిదో తెలుస్తుంది. 2009లో ప్రకటించిన ఫలితం ఏమంటే, రెక్కముల్లు లెక్క చిన్న చేపలకు సరిపోతుందిగాని, ముసలి చేపల వయసును తక్కువ చేసి చూపుతోంది. అంటే మనం అనుకున్న దానికంటె అవి ఇంకా పెద్దవి, ఇంకా నిదానంగా పెరిగినవి!

చెవిరాయి తీయాలంటే చేప చచ్చి ఉండాలి. అలాంటి చేపలను ఏటా పరీక్షకు అందిస్తున్నది ఎవరు? బల్లెం వేటగాళ్ళే.

వేట మొత్తం మానేస్తే పోదా అని మీలో కొందరు అడుగుతారు. అడగవలసిందే. నా మట్టుకు నాకు, దానికి సమాధానం ఏప్రిల్ నెలలో కనబడుతుంది. గుడ్లు పెట్టడానికి స్టర్జన్లు సరస్సు వదిలి వుల్ఫ్ నదిలో ఎదురీదుతాయి. కొన్ని 200 కిలోమీటర్ల దాకా పోతాయి. గట్టున రాళ్ళ మధ్య గుడ్లు పెట్టేటప్పుడు చేత్తో తాకేంత దగ్గరకు వస్తాయి. గుడ్ల కోసం వచ్చే దొంగలకు అదే అదను. అప్పుడు రాత్రింబగళ్ళు వంతులవారీగా కాపలా కాసేవారిలో చాలామంది ఆ వేటగాళ్ళే. 1977లో వారు ఏర్పరచుకున్న సంఘం పరిశోధనకు డబ్బు కూడా పోగుచేస్తోంది. అయితే కాపలా ఉంది కదా అని లెక్క అక్కరలేదనుకుంటే పొరబాటే. ప్రేమ ఉన్నవాడు కూడా పెద్ద చేప కనబడితే బల్లెం వదులుతాడు.

ఆనకట్టకు ఎగువన

ఈ కథలో అందరికంటె పాతవారు మెనామినీ జాతి ఆదివాసులు. వసంతంలో వుల్ఫ్ నదిలో కెషీనా జలపాతం దాకా వచ్చే స్టర్జన్ చలికాలపు ఆకలి తీర్చేది. 1892లో షావనో పట్టణం దగ్గర ఆనకట్ట కట్టారు. చేప అక్కడే ఆగిపోయింది. మన గోదావరిలో ఎదురీదే పులస ధవళేశ్వరం దగ్గర ఆగిపోయినట్టే. మెనామినీల వాటా ఏ వేటగాడూ లాక్కోలేదు. ఒక గోడ అడ్డం పడింది, అంతే. ఏ సీజను నియమంతోనూ అది తిరిగి రాదు.

1990ల నుంచి ఏటా కొన్ని స్టర్జన్లను వారి వసంత విందు కోసం ప్రభుత్వం అందజేస్తోంది. 2010 దాటాక మరో పని మొదలైంది. ఆనకట్ట కింద చేపలను పట్టి, నీళ్ళ తొట్లలో బండి మీద ఎక్కించి, ఎగువన మెనామినీల నేలలో నదిలో వదులుతున్నారు. అక్కడ పుట్టే ఆడపిల్ల గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి దాదాపు పాతికేళ్ళు పడుతుంది.